గెటిస్‌బర్గ్ యుద్ధభూమికి 4, 8 ఏళ్ల పిల్లలతో వెళ్తున్నాం, ఏది చూపించాలి, ఏది వదిలేయాలి?

జెర్సీ అమ్మ

జూన్ మూడో వారాంతం పెన్సిల్వేనియాలోని గెటిస్‌బర్గ్ అనుకుంటున్నాం. ఎడిసన్ నుంచి కారులో మూడు గంటలు. శనివారం పొద్దున 7కి బయల్దేరి, రాత్రి అక్కడే ఉండి, ఆదివారం మధ్యాహ్నం హెర్షీ వైపు వెళ్లాలని ప్లాన్. మొత్తం ఆరుగురం: మేమిద్దరం, ఇండియా నుంచి వచ్చిన అత్తయ్యగారు, మావయ్యగారు, బాబుకి 8, పాపకి 4. ఏడు సీట్ల మినీవ్యాన్. మావయ్యగారికి మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కువ ఎక్కలేరు. బాబు బళ్లో లింకన్ గురించి కొంచెం చదివాడు. పాపకి ఇది ఒక పెద్ద పార్కు, అంతే.

అడగాల్సినవి ఇవీ. ఒకటిన్నర రోజులో ఏం చూడాలి? ముందు మ్యూజియమా, బయటా? గైడుని పెట్టుకోవాలా? స్ట్రోలర్ పనికొస్తుందా? అన్నిటికంటే, అంతమంది చనిపోయిన చోట పిల్లలకి ఏం చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

గట్టుమీద

ముందు ఒక లెక్క చూడండి. పార్కు వాళ్ల ఆటో టూర్ 24 మైళ్లు, 16 స్టాపులు. ప్రతి స్టాపులో కార్ సీట్ బెల్టులు విప్పి, చెప్పులు తొడిగి, నీళ్లు తాగించి, మళ్లీ కట్టేసరికి పది నిమిషాలు పోతాయి. 16 స్టాపులకి అదే రెండు గంటల నలభై నిమిషాలు. ఇంకా చూసింది ఏమీ లేదు. పిల్లలతో వెళ్లి విసిగిపోయేవాళ్లు చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు: ఫోనులో 1 నుంచి 16 వరకు వరసగా పట్టుకుంటారు, ఏడో స్టాపుకి పిల్లలు కారు దిగం అని మొండికేస్తారు.

అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది, దక్షిణాది సైన్యాల మధ్య 1863 జూలై 1, 2, 3 తేదీల్లో మూడు రోజులు జరిగిన యుద్ధం అది. మూడు రోజులూ చూపించాలనుకోకండి. మొదటి రోజు జరిగిన ఉత్తర, పడమటి భాగాన్ని పూర్తిగా వదిలేయండి. రెండో రోజుకి డెవిల్స్ డెన్, లిటిల్ రౌండ్ టాప్. మూడో రోజుకి పికెట్ దాడి (దక్షిణాది జనరల్ పికెట్ పేరుతో పిలిచే దాడి) జరిగిన మైదానం. చివర సమాధుల తోట. నాలుగు చాలు. నేల చూస్తే యుద్ధం అర్థమయ్యే చోట్లు ఇవే.

శనివారం. పదింటికి చేరగానే విజిటర్ సెంటర్‌లో ఆగండి, కానీ మ్యూజియంలోకి వెళ్లకండి. బాత్రూమ్ పని అందరూ ఇక్కడే కానిచ్చుకోండి, యుద్ధభూమిలో చాలా స్టాపుల్లో ఆ వసతి ఉండదు. డెస్క్ దగ్గర బాబుకి జూనియర్ రేంజర్ పుస్తకం అడగండి, ఉచితమే. అందులో పనులు పూర్తిచేసి రేంజర్‌కి చూపిస్తే ప్రమాణం చేయించి బ్యాడ్జి ఇస్తారు. మ్యాపు తీసుకుని ఇరవై నిమిషాల్లో బయటపడండి.

అక్కణ్నుంచి నేరుగా డెవిల్స్ డెన్. ఇల్లంత బండరాళ్లు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. బండలు ఎక్కడానికి పిల్లలు ఎగబడతారు, ఎక్కనివ్వొచ్చు కూడా. జాగ్రత్త పడాల్సింది రాళ్ల మధ్య సందుల దగ్గర: పైనుంచి చూస్తే అడుగు వేస్తే దాటేలా కనిపిస్తాయి, లోతు మనిషి ఎత్తు దాకా ఉంటుంది. పాప చెయ్యి ఒకరు పట్టుకునే ఉండాలి, ఫోటోలు తీసేవాళ్లు వేరే ఉండాలి. చెప్పులు, క్రాక్స్ వద్దు, వెనక పట్టున్న బూట్లు వేయండి. వాన పడి ఉంటే బండలు నున్నగా జారతాయి, అప్పుడు కింద నుంచే చూసి కదలండి.

ఆ తర్వాత లిటిల్ రౌండ్ టాప్. ఈ వరస మార్చకండి. పైకెక్కి కిందకి చూస్తే ఇందాక ఎక్కిన బండలే కనిపిస్తాయి. "ఇందాక నువ్వు అక్కడ ఉన్నావు. ఇప్పుడు పైన సైన్యం ఉంది, నువ్వు ఆ బండల్లోంచి ఇక్కడికి ఎక్కాలి" అంటే ఎనిమిదేళ్ల బాబుకి ఎత్తు ఎందుకంత ముఖ్యమో ఇంకేం చెప్పకుండానే తెలుస్తుంది. కొండ మీద బాటలు బాగుచేయడానికి 2022 జూలైలో మూసేసి, 2024 జూన్‌లో మళ్లీ తెరిచారు. పార్కింగ్ తక్కువ, అందుకే మధ్యాహ్నం లోపే వెళ్లండి. బాబుకి ఓపిక ఉంటే దక్షిణం వాలులో చెట్ల మధ్య ఉత్తరాది సైన్యంలోని 20వ మెయిన్ రెజిమెంట్ (మెయిన్ రాష్ట్రపు సైనిక దళం) స్మారకం ఉంది. తూటాలు అయిపోతుంటే కర్నల్ చాంబర్లెయిన్ మనుషులు బాయినెట్లతో (తుపాకి మొనకి బిగించే కత్తులతో) కిందకి ఉరికింది అక్కడే.

మధ్యాహ్నం ఎండలో బయట ఉండకండి. భోజనం చేసి మ్యూజియంలోకి వెళ్లండి. 22 నిమిషాల సినిమా, ఆ తర్వాత సైక్లోరమా: గుండ్రటి గది చుట్టూ 377 అడుగుల పొడవు, 42 అడుగుల ఎత్తున్న ఒకే నూనెరంగుల చిత్రం. 1880ల్లో ఫ్రెంచి చిత్రకారుడు పాల్ ఫిలిపొటో బృందం గీసింది. చిత్రంలో ఉన్నది పికెట్ దాడే. చీకట్లో ఫిరంగుల చప్పుడు, మెరుపులు పెడతారు. నాలుగేళ్ల పిల్ల భయపడొచ్చు, తలుపు దగ్గర నిలబడితే ఎత్తుకుని బయటికి రావడం తేలిక.

ఆదివారం పొద్దున. ముందురోజు బొమ్మలో చూసిన మైదానాన్ని నడిచి దాటండి. వర్జీనియా స్మారకం దగ్గర మొదలు, ఎదురుగా రాతి గోడ దాకా మైలుకి కొంచెం తక్కువ. జూలై 3 మధ్యాహ్నం దాదాపు 12,500 మంది దక్షిణాది సైనికులు ఈ ఖాళీ నేల మీదే నడిచారు, గంట తిరిగేలోపు సగం మందికి పైగా చనిపోయారు, గాయపడ్డారు, లేదా పట్టుబడ్డారు. మీకు అరగంట నుంచి నలభై నిమిషాలు పడుతుంది. ఒకరు మాత్రమే బాబుతో నడవండి. మిగతావాళ్లు మావయ్యగారితో కారులో చుట్టూ తిరిగి గోడ వైపు, హై వాటర్ మార్క్ (ఆ దాడి ముందుకు రాగలిగిన చివరి చోటు) దగ్గర ఆగండి. లేదంటే మళ్లీ అంత దూరం వెనక్కి నడవాలి, బాబు ఏడవడం మొదలుపెట్టేది ఆ తిరుగు దారిలోనే. మధ్యలో ఎమిట్స్‌బర్గ్ రోడ్డు దాటాలి. అది మామూలు రోడ్డు, కార్లు వేగంగా వస్తాయి, చెయ్యి పట్టుకునే దాటించండి.

నడుస్తుంటే ఒకటి గమనించమనండి. దూరం నుంచి నేల చదునుగా కనిపిస్తుంది కానీ మధ్యలో చిన్న పల్లాలున్నాయి. పల్లంలోకి దిగితే ఎదుటి గోడ కనబడదు, మళ్లీ ఎక్కితే ఒక్కసారిగా దగ్గరగా కనబడుతుంది. ఆ పల్లాల్లో ఉన్నంతసేపే సైనికులకి కాస్త చాటు దొరికింది. ఇది ఏ బొమ్మలోనూ తెలియదు.

పచ్చ ఫిరంగి

గట్టుమీద గారు చెప్పిన దారి సరైనదే. నేను పిల్లల చేతికి ఇచ్చే పనుల గురించి చెబుతాను, ఎందుకంటే 1,300కి పైగా ఉన్న స్మారకాలన్నీ పిల్లలకి ఒకేలా కనిపిస్తాయి.

మొదటిది ఫిరంగులు. పచ్చగా కిలుం పట్టినవి కంచువి, నల్ల రంగువి ఇనుపవి. పచ్చవాటిలో ఎక్కువ భాగం నెపోలియన్ రకం, గొట్టం లోపల నున్నగా ఉంటుంది. నల్లవాటి మూతి దగ్గర వంగి చూస్తే లోపల మరచుట్టు గాడులు కనిపిస్తాయి, అవి గుండుని గిరగిరా తిప్పి ఎక్కువ దూరం, గురిగా పంపడానికి. మూతి అంచు మీద గుండ్రంగా అక్షరాలు, అంకెలు చెక్కి ఉంటాయి: పోతపోసిన కర్మాగారం, సంవత్సరం, బరువు పౌన్లలో. సంవత్సరం 1863 లేదా అంతకుముందుదా అని వెతకమనండి, అరగంట గడిచిపోతుంది. ఫిరంగి మీద ఎక్కడం నిషేధం, ఎండలో లోహం చర్మం కాలేంత వేడెక్కుతుంది కూడా. గొట్టంలో చెయ్యి పెట్టనివ్వకండి, కందిరీగలు గూడు కట్టి ఉండొచ్చు.

రెండోది గుర్తులు. ఉత్తరాది సైన్యంలో ఒక్కో కోర్‌కి (చాలా రెజిమెంట్లు కలిసిన పెద్ద విభాగానికి) ఒక్కో గుర్తు ఉండేది, స్మారకాల మీద చెక్కారు. రెండో కోర్‌ది అచ్చం పేకముక్కల్లో కళావరు. మూడోది డైమను. పదకొండోది నెలవంక, పన్నెండోది నక్షత్రం, మొదటిది గుండ్రటి బిళ్ల. నాలుగేళ్ల పాప కూడా ఆడొచ్చు: "కళావరు ఎక్కడుందో చూపించు". పికెట్ దాడిని ఆపిన గోడ దగ్గర కళావర్లు ఎక్కువ దొరుకుతాయి, అక్కడ నిలబడింది రెండో కోరే కాబట్టి.

మూడోది నాకు అన్నిటికంటే ఇష్టమైనది. పెద్ద స్మారకానికి కుడి, ఎడమల కొంత దూరంలో మోకాలి ఎత్తు కూడా లేని చిన్న రాళ్లు ఉంటాయి. ఆ రెజిమెంట్ వరస ఎక్కడి నుంచి ఎక్కడి దాకా నిలబడిందో చెప్పే హద్దురాళ్లు అవి. చాలామంది చూడకుండానే దాటిపోతారు. బాబుని ఒక రాయి నుంచి ఇంకో రాయి దాకా అడుగులు లెక్కపెడుతూ నడవమనండి. పెద్ద స్మారకం ఒకటి చూస్తే ఒక మనిషి నిలబడినట్టు ఉంటుంది. ఈ రెండు రాళ్ల మధ్య నడిస్తే భుజం భుజం ఆనించి కొన్ని వందల మంది నిలబడ్డారని కాళ్లకి తెలుస్తుంది.

పాప కోసం మొదటి రోజు భాగంలో ఒక్క మినహాయింపు ఇవ్వండి: ఓక్ రిడ్జ్ మీద 11వ పెన్సిల్వేనియా స్మారకం. పైన సైనికుడు ఉంటాడు, ముందు వైపు కింద పీఠం అంచున పడుకున్న కంచు కుక్క ఉంటుంది. పేరు శాలీ. ఆ రెజిమెంట్‌తోనే ఉండేది, మొదటి రోజు యుద్ధం తర్వాత గాయపడ్డవాళ్ల దగ్గర, చనిపోయినవాళ్ల దగ్గర కాపలా పడుకుంది.

మేరీలాండ్ అత్తయ్య

చివరి ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి.

నాలుగేళ్ల పాపకి ఒక్క మాట చాలు: "చాలా రోజుల కిందట ఇక్కడ పెద్ద పోట్లాట జరిగింది, చాలామందికి దెబ్బలు తగిలాయి, చనిపోయారు, వాళ్లని గుర్తుపెట్టుకోవడానికి ఈ రాళ్లు". అడిగితేనే తర్వాతి మాట. లెక్కలు చెప్పకండి.

ఎనిమిదేళ్ల బాబుకి మాత్రం కారణం దాచకండి. "అన్నదమ్ములు కొట్టుకున్నారు" అని ఆపేస్తే అది సగం నిజం. మన పెద్దవాళ్లకి పల్నాటి యుద్ధం కథ వచ్చు: ఒకే తండ్రి బిడ్డలైన నలగామరాజు, మలిదేవరాజు కారెంపూడిలో తలపడటం. మీ అత్తయ్యగారినో మావయ్యగారినో కారులో ఆ కథ చెప్పమనండి, అన్నదమ్ముల మధ్య యుద్ధం అంటే ఏమిటో బాబుకి అందుతుంది. ఇక్కడా అలాంటి వాళ్లున్నారు. గెటిస్‌బర్గ్‌లోనే పెరిగిన వెస్లీ కల్ప్ పని కోసం వర్జీనియా వెళ్లి దక్షిణాది సైన్యంలో చేరాడు, సొంత తోడబుట్టిన విలియం ఉత్తరాది సైన్యంలో ఉన్నాడు. వెస్లీ తమ బంధువుల పేరున్న కల్ప్స్ హిల్ దగ్గరే చనిపోయాడు.

కానీ పోలిక అక్కడితో ఆపండి. ఈ యుద్ధం మనుషుల్ని బానిసలుగా ఉంచుకునే హక్కు కోసం దక్షిణాది రాష్ట్రాలు విడిపోవడంతో మొదలైంది. ఇది చెప్పడానికి సరైన చోటు ఒకటుంది. రాతి గోడకి ఉత్తరంగా కొద్ది దూరంలో ఒక చిన్న తెల్ల ఇల్లు, ఏబ్రహాం బ్రయన్ అనే, స్వేచ్ఛగా బతుకుతున్న నల్లజాతి రైతుది. దక్షిణాది సైన్యం పెన్సిల్వేనియాలోకి వచ్చినప్పుడు స్వేచ్ఛగా బతుకుతున్న నల్లవాళ్లని కూడా పట్టుకుని బానిసలుగా దక్షిణానికి తోలుకుపోయారు. అందుకే ఆయన కుటుంబంతో ఇల్లు వదిలి పారిపోయాడు. ఆ గుమ్మం ముందు నిలబడి "వీళ్లు ఎందుకు పారిపోయారు?" అని అడగండి. పది స్మారకాలు చెప్పలేనిది ఆ ఇల్లు చెబుతుంది. చాలామంది గోడ దగ్గర ఫోటో తీసుకుని ఇటు రాకుండానే వెళ్లిపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఊళ్లో జెన్నీ వేడ్ ఇల్లు ఉంది. ఇరవై ఏళ్ల పిల్ల, అక్క బాలింతరాలిగా ఉన్న ఇంట్లో రొట్టెలకి పిండి కలుపుతుండగా తలుపులోంచి వచ్చిన తూటా తగిలి చనిపోయింది. యుద్ధంలో నేరుగా చనిపోయిన ఊరివాళ్లలో ఆమె ఒక్కతే. ఇది మీ పిల్లలకి వద్దనే నా అభిప్రాయం. వంటింట్లో అమ్మకి తూటా తగులుతుందన్న ఊహ పిల్లలతో ఇంటికి వచ్చేస్తుంది. రాత్రిళ్లు ఊళ్లో జరిగే దెయ్యాల టూర్లు కూడా అంతే, పక్కన పెట్టండి.

సమాధుల తోట సాయంత్రం చల్లబడ్డాక చూడండి, నేల సమంగా ఉంటుంది, మావయ్యగారు హాయిగా నడవగలరు. 3,500 మందికి పైగా ఉత్తరాది సైనికులు అర్ధవృత్తంలో ఉన్నారు. పేర్లున్న రాళ్ల తర్వాత నేలకి దాదాపు సమంగా చిన్న పాలరాతి చదరాలు వరసగా వస్తాయి. వాటి మీద పేరు లేదు, అంకె మాత్రమే ఉంది. పేరు తెలియని 979 మంది వాళ్లు. బాబుని ఒక రాయి ముందు కూర్చోబెట్టి ఆ అంకె చదవమనండి, చాలు. 1863 నవంబరు 19న లింకన్ రెండు నిమిషాలు మాట్లాడింది ఈ తోట ప్రారంభోత్సవంలోనే. 270 మాటల చిల్లర, మీరే అక్కడ గట్టిగా చదివి వినిపించొచ్చు. ఇక్కడ పరుగులు, తినడం వద్దని కారులోనే చెప్పండి.

జెర్సీ అమ్మ

చాలా థాంక్స్ అండీ, శాలీ కోసం పాప ఇప్పట్నుంచే అడుగుతోంది. ఇంకో మూడు: టిక్స్ (గడ్డిలోంచి ఒంటికి పట్టుకుని రక్తం పీల్చే చిన్న పురుగులు) గురించి భయం వేస్తోంది, నిజంగా అంత ఉంటాయా? గైడు కారులో ఎక్కడ కూర్చుంటారు? గుర్రం విగ్రహం ఒక కాలు ఎత్తితే గాయపడ్డట్టు, రెండు ఎత్తితే చనిపోయినట్టు అని ఎవరో చెప్పారు, బాబుకి అది చెప్పొచ్చా?

గట్టుమీద

గుర్రం మాట చెప్పకండి. చాలా విగ్రహాలకి అది కుదిరినట్టు కనిపిస్తుంది, అంతే. 1998లో పెట్టిన లాంగ్‌స్ట్రీట్ విగ్రహంలో గుర్రం ఒక కాలు ఎత్తి ఉంటుంది, ఆయనకి గెటిస్‌బర్గ్‌లో గాయమే కాలేదు.

గైడు విషయం. లైసెన్స్ ఉన్న యుద్ధభూమి గైడ్లు పరీక్ష రాసి నెగ్గినవాళ్లు, 1915 నుంచి ఉన్న పద్ధతి. మామూలు టూర్ రెండు గంటలు, మీ కారుని వాళ్లే నడుపుతారు. మీ వ్యాన్‌లో ఆరుగురు, గైడుతో ఏడు, సరిగ్గా సరిపోతుంది. కానీ డ్రైవర్ సీటు గైడుకి వెళ్తే మీలో ఒకరు మూడో వరసకి వెళ్లాలి, ఆ వరస మడిచి సామాను పెట్టుకుంటే చోటు ఉండదు. సూట్‌కేసులు ముందే హోటల్లో దింపండి. బుక్ చేసేటప్పుడు పిల్లల వయసులు, మావయ్యగారి మోకాళ్లు చెప్పండి, దాన్నిబట్టి దిగే చోట్లు తగ్గిస్తారు. నా సలహా: గైడుతో ఒక గంట దాటాక పాప ఆగదు. కాబట్టి పాపతో ఒకరు హోటల్లో ఉండి, మిగతావాళ్లు వెళ్లడం మంచిది. డబ్బు దండగ కాదు, పెద్దవాళ్లకి యుద్ధం మొత్తం అర్థమయ్యే దారి ఇదొక్కటే.

స్ట్రోలర్ మ్యూజియంకి, సమాధుల తోటకి పనికొస్తుంది. మైదానంలో గడ్డి, డెవిల్స్ డెన్‌లో రాళ్లు, రెండు చోట్లా చక్రం కదలదు. వీపు మీద మోసే క్యారియర్ ఉంటే తెచ్చుకోండి. వాచ్ టవర్లు ఇనుపవి, మెట్ల మధ్య సందుల్లోంచి కింద నేల కనిపిస్తుంది, పాపని పైకి తీసుకెళ్లొద్దు. ఉరుము వినబడితే టవర్, మైదానం, ఫిరంగులు అన్నీ వదిలి కారులోకి రండి.

గసగసాలు

టిక్స్ నిజంగానే ఉంటాయి, అవి కుడితే వచ్చే లైమ్ జబ్బు పెన్సిల్వేనియాలో ఎక్కువ. జూన్ వాటికి మంచి కాలం కూడా, పిల్ల టిక్స్ అప్పుడే తిరుగుతాయి. ఊళ్లో పశువులకి పట్టే గోమారంత ఉంటుందని వెతికితే దొరకదు. పిల్ల టిక్ గసగసం గింజంత ఉంటుంది.

పిల్లలకి లేత రంగు పొడుగు ప్యాంట్లు వేసి, అంచుల్ని సాక్సుల్లోకి దోపండి. లేత రంగు మీద పాకుతుంటే కనిపిస్తుంది. చర్మానికి డీట్ లేదా పికారిడిన్ ఉన్న, పురుగుల్ని దూరం పెట్టే మందు పెద్దవాళ్లే చేత్తో రాయండి, పిల్లల అరచేతులకి, కళ్ల దగ్గర వద్దు. బూట్లకి, ప్యాంట్లకి పెర్మెత్రిన్ స్ప్రే ముందురోజే కొట్టి ఆరబెట్టండి, అది బట్టలకే, ఒంటికి కాదు. కోసిన గడ్డి బాట మధ్యలో నడవండి, అంచున ఉన్న పొడుగు గడ్డి తగలకూడదు. మూడేసి ఆకుల గుత్తులున్న తీగ కనిపిస్తే ముట్టుకోనివ్వకండి, పాయిజన్ ఐవీ కావొచ్చు.

హోటల్‌కి వెళ్లగానే స్నానం చేయిస్తూ చూడాల్సిన చోట్లు: చెవుల వెనక, జుట్టు మొదళ్లు, చంకలు, బొడ్డు, నడుము పట్టీ కింద, మోకాళ్ల వెనక, గజ్జలు. పట్టుకుని ఉంటే సన్న మొన ఉన్న ట్వీజర్‌తో చర్మానికి ఆనుకుని పట్టి, మెలితిప్పకుండా తిన్నగా పైకి లాగండి. అగ్గిపుల్ల, నూనె, వేజిలీన్ ప్రయోగాలు వద్దు. సబ్బు నీళ్లతో కడిగి, తేదీ ఫోనులో రాసుకోండి. లైమ్ క్రిమి ఎక్కడానికి సాధారణంగా 24 గంటలకు పైగా పట్టుకుని ఉండాలి, అందుకే అదే రోజు రాత్రి వెతకడం ఇంత ముఖ్యం. తర్వాతి నెల రోజుల్లో జ్వరం గానీ, పెరుగుతున్న ఎర్రటి మచ్చ గానీ వస్తే డాక్టరుకి ఆ తేదీ చెప్పండి.

తిండి మాట ఒకటి. శాకాహారులైతే ఇంటి నుంచే తెచ్చుకోండి. పులిహోర పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఆగుతుంది. పెరుగన్నం ఐస్ ఉన్న కూలర్‌లోనే పెట్టండి, జూన్‌లో కారు డిక్కీలో గంటలో పులుస్తుంది. మనిషికి రెండు లీటర్ల నీళ్లు లెక్క వేసుకోండి. 1863 జూలై 3 మధ్యాహ్నం రెండింటికి ఆ ఊరి కాలేజీ ప్రొఫెసర్ జాకబ్స్ రాసుకున్న ఉష్ణోగ్రత 87 ఫారెన్‌హీట్. మైదానంలో అప్పుడూ నీడ లేదు, ఇప్పుడూ లేదు, కాబట్టి ఆదివారం నడక తొమ్మిది లోపే అయిపోయేలా హోటల్ నుంచి బయల్దేరండి.